ఇద్దరి కోసం చేసిన గవ్వ

మా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. జాందానీ చీరకి పువ్వు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటుంది, ఒక్క మనిషి చేతులకి అందదు. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఒకరిది. చిన్న చిన్న నూలు కండెలతో ఎవరి పువ్వు వాళ్లు ఎక్కిస్తారు. ఎక్కించడం అయినవాళ్లు 'ఊ' అంటారు. రెండోవాళ్లది కూడా అయితే 'ఊ' అని బదులిస్తారు. అప్పుడే అడ్డపోగు నాడె విసిరి, పోగుని బిగించే అచ్చుపలక లాగి దెబ్బ వేయాలి. బదులు రాకుండా దెబ్బ వేస్తే పక్కవాళ్ల వేళ్లు నలుగుతాయి. మా పెదనాన్న ఎడమ చిటికెన వేలికి చనిపోయేదాకా గోరు రాలేదు.

మా ఇంట్లో ఎడమ పక్క నా భార్య సత్యవేణి, కుడి పక్క మా ఒక్కగానొక్క కూతురు లోహిత కూర్చునేవారు. నేను నూలుకి రంగులు అద్ది, పడుగు సరిచేసి, కండెలు చుట్టి ఇచ్చేవాణ్ని. మాటలన్నీ వాళ్లవే. నేను మాట్లాడితే ఆ రోజు వాన పడుతుందని లోహిత అనేది.

వేణికి నలభై మూడో ఏట చేతులు పట్టు తప్పడం మొదలైంది. మొదట కండె జారేది. తర్వాత మంచినీళ్ల గ్లాసు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లడానికి గోడ పట్టుకునేది. కాకినాడలో డాక్టర్లు తల ఫోటోలు తీసి, చిన్న మెదడు ఎండిపోతోందని చెప్పారు. మందు లేదన్నారు. ముందు నడక పోతుంది, తర్వాత మాట పోతుంది, ఆఖరికి మింగడం పోతుంది అని వరసగా చెప్పారు. వేణి పక్కనే ఉంది. ఇంటికొచ్చాక ఆ వరస మళ్లీ చెప్పమని నన్నడిగింది, మరిచిపోయినట్టు. నేను చెప్పలేదు.

ఆ రోజుల్లోనే కాకినాడ సముద్రపు ఒడ్డున ఒక పరిశోధనశాలవాళ్లు ఇలాంటి జబ్బుకి ఒక వస్తువు తయారు చేస్తున్నారని తెలిసింది. చెవి వెనక ఎముకలో పెడతారు. పైకి గవ్వ బోర్లించినట్టు కనబడుతుంది కాబట్టి మేం గవ్వ అనే అన్నాం. రెండు గవ్వలుంటాయి. ఒకటి జబ్బు మనిషికి, ఒకటి మంచిగా ఉన్న మనిషికి. మంచిగా ఉన్న మనిషి మెదడులో వాడకుండా మిగిలే సత్తువ ఉంటుందట. దాన్ని గవ్వ తీసుకుని జబ్బు మనిషి కాలికీ చేతికీ గొంతుకీ అందిస్తుంది. ముందు నేను కూర్చున్నాను. మూడు రోజులు పరీక్షలు చేసి నాది కుదరదన్నారు. లోహితది కుదిరింది. దానికప్పుడు ఇరవై ఒకటి.

గవ్వ లోపల నడిచే మూల ప్రోగ్రామును కెర్నల్ అంటారు. అది రాసిన ఇంజనీరు కుముదిని అనే ఆవిడ. సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క తప్పినట్టు మొహం పెట్టుకుని ఉండేది. పెట్టబోయే ముందు తల్లీకూతుళ్లు ఎలా మసలుతారో చూడాలని మా ఊరు వచ్చింది. ఆవిడకొక చిక్కు ఉంది. రెండు మెదళ్లు ఒకే చేతికి ఒకే క్షణంలో ఆజ్ఞ ఇస్తే చెయ్యి మెలిపడిపోతుంది. ఎవరి వంతు ఎప్పుడో తేల్చాలి. మగ్గం పక్కన చాప మీద ఒక పూటంతా కూర్చుని, చివరికి, ఆ ఊ ఊ ఏమిటని అడిగింది. నేనే చెప్పాను. అడిగినదానికన్నా ఎక్కువే చెప్పాను. పెదనాన్న గోరు సంగతి కూడా చెప్పాను. ఆవిడ అంతా రాసుకుంది. లోహిత వాకిట్లోకి వెళ్లి ఆకాశం వంక చూసి, మబ్బేమీ లేదు నాన్నా అంది.

అలా మా మగ్గం పద్ధతి గవ్వలోకి వెళ్లింది. ప్రతి కండరానికీ ఒక తాళం ఉంటుందని కుముదిని చెప్పింది. కదిలించాలంటే ముందు తాళం తీసుకోవాలి, రెండో గవ్వతో ఊ అనిపించుకోవాలి, కదిలించాక తాళం తిరిగి పెట్టెయ్యాలి. దీనికి కొంత కాలం ఖర్చవుతుంది గానీ, ఇద్దరి బలం ముందు అది లెక్కలోకి రాదంది.

రాలేదు కూడా. గవ్వలు పెట్టిన మూడో నెలకి వేణి బావి దగ్గర నుంచి బిందె తెచ్చింది. ఆరో నెలకి మగ్గం మీద ఎడమ పక్క కూర్చుంది. లోహిత పాట్లు చూడాలి. తల్లి మేడ మెట్లెక్కితే దీనికి ఆయాసం. తల్లి పచ్చిమిరపకాయ కొరికితే ఇది పువ్వులో ఒక పోగు తప్పేది. ఊళ్లో ఆడవాళ్లు, మీ అమ్మ తింటే నీకు కడుపు నిండుద్దేమో, ఇంక నీకు కంచం ఎందుకే అని ఏడిపించేవారు. సాయంత్రానికి అలిసిపోయి మగ్గం గుంటలోనే కాళ్లు పెట్టుకుని గోడకి జారబడేది. పైచదువుకి విశాఖ వెళ్తానని ఒకప్పుడు అనేది, గవ్వ పెట్టాక ఆ మాట ఎత్తలేదు. గవ్వకి కాకినాడ దాకానే అందుతుంది, అంత దూరం అందదు. నేనొకసారి కదిపితే, నీ భార్య కాళ్లు నా దగ్గరున్నాయి, ఎక్కడికెళ్లమంటావు అని నవ్వింది.

ఐదేళ్లు అలా నడిచింది.

ఆరో ఏడు వానల్లో లోహితకి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. రెండు రోజులు మందులు వాడాం, మూడో రోజు నేను కాకినాడ తీసుకెళ్లాను. వేణిని ఇంట్లో ఉంచి, మా వదినని తోడు పెట్టాను. ఐదో రోజు పొద్దున్న తొమ్మిదింటికి పిల్ల పోయింది. నేను ఫోను చేయడానికి ధైర్యం చాలక ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. ఇంటి నుంచే ఫోను వచ్చింది. టీ గ్లాసు నోటి దాకా ఎత్తిన వేణి చెయ్యి గాల్లో ఆగిపోయిందట. దించడం లేదట, తాగడం లేదట. మా వదిన భయపడి చేసింది. ఫోను వేణి చెవి దగ్గర పెట్టమన్నాను. పెట్టింది. నేనేమీ అనలేదు. గ్లాసు కింద పడ్డ చప్పుడు వినిపించింది.

కుముదిని ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. రెండో మనిషి లేదని గవ్వకి తెలియజేసి, తల్లి ప్రాణానికి ఇప్పట్లో భయం లేదంది. ఐదేళ్లలో లోహిత మెదడు చేసే పనిలో చాలా మటుకు తల్లి గవ్వ తనే నేర్చుకుందట. ఇక ఒక్కటే లాక్కొస్తుంది. ఆ మాట చెప్పి, చాప మీద ఉన్న మా అమ్మాయి మొహం చూసి, ఆవిడ బయటికి వెళ్లి గోడ పక్కన నిలబడి చాలాసేపు లోపలికి రాలేదు.

మా కులంలో ఒక పద్ధతి ఉంది. జంట మగ్గం మీద ఒకరు పోతే, పదకొండో రోజు మిగిలినవాళ్ల పీట జరిపి మగ్గం నడుమ వేస్తారు. పెద్ద ముత్తైదువ ఒకావిడ వచ్చి జరుపుతుంది. ఇక పువ్వుల చీర ఉండదు. సాదా బట్ట నేసుకోవాలి. ఊ అనక్కర్లేదు, ఎవరి కోసం ఆగక్కర్లేదు, చేతనైనంత జోరుగా నేసుకోవడమే. పదకొండో రోజు మా మేనత్త వచ్చి పీట మీద చెయ్యి వేసింది. వేణి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. గట్టిగా కూడా తీయలేదు. మేనత్త నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. పీట ఎడమ పక్కనే ఉండిపోయింది.

కొన్నాళ్లకి ఒకటి గమనించాను. వేణి ఏ పని చేయబోయినా ముందు ఒక ఆగుడు. గ్లాసు అందుకోబోయి రెప్పపాటు ఆగేది. అడుగు వేయబోయి ఆగేది. మాట నోట్లోంచి రాబోయి ఆగేది. ఊరివాళ్లు దుఃఖం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను గానీ, దుఃఖం అంత కొలిచినట్టు ఉండదు. ఏడాది తిరిగేసరికి రెప్పపాటు కాస్తా రెండు మూడు రెప్పపాట్లయింది. అన్నం ముద్ద మింగడానికి పక్కింటివాళ్లు ఒక మాట చెప్పుకునేంత సేపు పట్టేది. దగ్గు వచ్చేది.

మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె ఎడమ పక్క కూర్చుని, తన సగంలో పువ్వు ఎక్కించి, ఆగి, వింటున్నట్టు తల కాస్త కుడికి వంచింది. మొహంలో అలసట లేదు. నన్ను చూసి తనే చెప్పింది.

"అది నన్ను ఆపుతుందయ్యా. ఏం చేయబోయినా, ఉండమ్మా వత్తన్నా అన్నట్టు ఉంటాది. నేను ఉంటాను. అంతే."

మర్నాడు నేను కాకినాడ వెళ్లాను. కుముదినికి వేణి దగ్గు సంగతి, ఆగుడు సంగతి చెప్పాను. ఆవిడ వేణి గవ్వ పంపిన లెక్కలు తెర మీద పెట్టి, నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నం చేసింది. తప్పు నాదే అని మొదలుపెట్టింది. ఇద్దరు ఉంటే ఎలా నడవాలో రాసింది. ఒక్కరే మిగిలితే ఎలాగో రాయలేదు. ఆ ఒక్కరి కోసం వేరే కెర్నల్ ఎందుకు, ఇద్దరి కోసం చేసిందే ఒక్కరికీ సరిపోతుంది కదా అనుకుంది. సరిపోయింది, కానీ తాళాలు అలాగే ఉన్నాయి. పోటీకి ఎవరూ లేకపోయినా గవ్వ ప్రతి కండరానికీ తాళం తీసుకుంటుంది, ఎవరైనా పట్టుకున్నారా అని చూస్తుంది, తిరిగి పెడుతుంది. ఒక్కో తాళానికి పట్టేది ధూళి రేణువంత కాలం. కానీ ఒక్క గుటకకి అలాంటివి నాలుగు వేలు. జబ్బు ముదిరే కొద్దీ గవ్వ మీద పని పెరుగుతోంది, పని పెరిగే కొద్దీ తాళాలు పెరుగుతున్నాయి. ఒకనాటికి గుటక పడేలోపు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఖాళీ పీటకి ఊ చెప్పి చూసుకుంటోందన్నమాట, అన్నాను. ఆవిడ తల ఊపింది.

తర్వాత నేను అడగాల్సింది అడిగాను. ఆ ఆగుడులో మా అమ్మాయి ఉందా అని. ఆవిడ తెర ఆపేసి నా వైపు తిరిగింది.

"లేదండీ వీరబాబుగారూ. అది ఉత్త తాళం. అక్కడ ఎవరూ లేరు. ఐదేళ్లు ఆ చోట జవాబు వచ్చింది కాబట్టి ఆవిడ మెదడు ఇంకా వస్తుందనుకుంటోంది. అంతే."

తాళాలు లేని కెర్నల్ కొత్తగా రాస్తానంది. నేసిన చీరలోంచి ఒక రంగు పోగులన్నీ లాగెయ్యడం లాంటిదట, ఎక్కడ లాగితే ఎక్కడ చిరుగుతుందో తెలియదట. ఎనిమిది నెలలు అడిగింది.

నేను బస్సు దిగి వచ్చేసరికి వేణి గుమ్మంలో నిలబడి ఉంది. అంత దూరం ఒక్కతే నడిచి రావడానికి ఆమెకి ఎంత సేపు పట్టి ఉంటుందో నాకు తెలుసు. కాళ్లు కడుక్కోనివ్వలేదు.

"ఇంజనీరమ్మ ఏమంది? అది ఉన్నట్టేనా?"

ఆ మొహం చూసి నేను ఉందట అన్నాను. ఒక్క మాట. నా జన్మలో మాటలకి తొందరపడింది ఆ ఒక్కసారే.

ఆ రాత్రి ఆమె రెండు ముద్దలు ఎక్కువ తింది. దగ్గుతూనే తింది.

ఎనిమిది నెలలకి కుముదిని కొత్త కెర్నల్ తీసుకుని మా ఇంటికి వచ్చింది. మనిషి ఇంకా సన్నబడింది. ఎముక కొయ్యక్కర్లేదు, ఏడు నిమిషాల పని, పూర్తయ్యాక అమ్మ హాయిగా మింగుతుంది, నడుస్తుంది అంది. వేణి అంతా విన్నది. ఆ పాత దానిలో ఉన్నదంతా ఏమవుతుందని అడిగింది. పోతుందండీ అంది కుముదిని. వేణి ఆగింది. ఆ ఆగుడు పూర్తయ్యాక చెప్పింది.

"ఒక్కరి కోసమని రాసింది నాకొద్దమ్మా. మేం ఇద్దరం."

కుముదినికి అర్థం కాలేదు. ఇద్దరేమిటని అడగబోయి నా వంక చూసింది. అందులో ఎవరూ లేరని చెప్పేస్తుందనిపించింది. అప్పుడు చెప్పనిస్తే సరిపోయేది. ఆవిడ నోటితో వస్తే వేణి ఏడ్చేది, నన్ను తిట్టేది, నాలుగు రోజులకి ఒప్పుకునేది. నేను లేచి, తర్వాత మాట్లాడదాం మేడమ్‌గారూ అని ఆవిడని వీధిలోకి తీసుకొచ్చాను. వీధిలో నిజం చెప్పాను. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. వెళ్లి ఆవిడకి నిజం చెప్పండి, మీరు చెప్తేనే బావుంటుంది అంది. చెప్తానన్నాను.

చెప్పలేదు. పొద్దున్నే చెబుదామనుకునేవాణ్ని, ఆమె కంచం ముందు కూర్చుని తల కుడికి వంచి ఉండేది. సాయంత్రం చెబుదామనుకునేవాణ్ని. ఒక రోజు పెరటి గోడ పక్కన కోళ్లు మరీ ఎక్కువగా మూగడం చూసి వెళ్తే అక్కడ అన్నం ఉంది. చారు కలిపిన అన్నం. ఎన్నాళ్ల నుంచో ఆమె కంచం అక్కడే ఖాళీ అవుతోంది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదని అప్పుడు చూశాను. అడిగితే దాచలేదు. ముద్ద దిగడం లేదంది. అంత సేపూ పిల్ల దగ్గరున్నట్టే ఉంటుంది కదా, ముద్ద దిగకపోతే ఏమైంది అంది. అని, నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోయినా సరే. నాకు తెలీకుండా మటుకు అది తీయించకు."

ఊ అన్నాను.

ఆ మాఘమాసంలో గంజి గొంతుకి అడ్డం పడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. కాకినాడ ఆసుపత్రిలో రెండు రోజులు స్పృహ లేదు. మూడో రోజు డాక్టరు కుముదినిని పిలిపించాడు. వాళ్లిద్దరూ ఒకే మాట చెప్పారు. ఇప్పుడు ఉమ్మి మింగడానికి కూడా ఆలస్యం అవుతోంది. ఇవాళ తేలినా రేపు అదే ఉమ్మితో మళ్లీ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కెర్నల్ మారిస్తే బతుకుతుంది. మనిషి స్పృహలో లేదు కాబట్టి భర్త సంతకం చాలు.

కుముదిని కాగితం నా ముందు పెట్టి, మీరు ఆవిడకి చెప్పారు కదా అని అడిగింది. నేను కలం అందుకున్నాను. ఆవిడకి అర్థమైంది. కాగితం మీద చెయ్యి వేసి ఆపింది. స్పృహ వచ్చాక మీ ఆవిడ దృష్టిలో మీరు ఏం చేసినట్టవుతుందో ఆలోచించుకోండి అంది. నేను ఆలోచించుకున్నాను. పక్క గదిలో వేణి గొంతులో గురక వినిపిస్తోంది. ఒక గురకకీ ఇంకో గురకకీ మధ్య ఎంత సేపో లెక్కపెట్టాను. కాగితం మీది కుముదిని చెయ్యి పక్కకి జరిపి, సంతకం పెట్టాను.

ఏడు నిమిషాలు నేను గోడ గడియారం వంకే చూశాను. నా ఎదురుగా ఏమీ జరగలేదు. తెర మీద ఒక గీత నిండింది. ఎక్కడా చప్పుడు లేదు. కుముదిని అయిపోయిందండీ అంది.

మర్నాడు పొద్దున వేణి కళ్లు తెరిచింది. నర్సు వెన్ను పట్టి లేపి నీళ్లిచ్చింది. చెయ్యి నేరుగా గ్లాసుకి వెళ్లింది. గటగటా తాగేసింది. దగ్గు రాలేదు. నర్సు నా వంక చూసి నవ్వింది. వేణి ఖాళీ గ్లాసు పట్టుకుని తల కుడికి వంచింది. అలా వంచి ఉంచింది. మళ్లీ చెయ్యి ఎత్తి దించింది. వేళ్లు ముడిచి చాపింది. ఒకటి తర్వాత ఒకటి, మధ్యలో ఏమీ లేకుండా, చేతులు చెప్పినట్టు వింటున్నాయి. ఎందుకంత తొందరగా వింటున్నాయో ఆమెకి తెలిసిపోయింది. గ్లాసు నర్సుకి ఇచ్చేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను అడగలేదు. ఎవరు సంతకం పెట్టి ఉంటారో అడగాల్సిన పని లేదు.

తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాం. పెట్టింది తినేది. వంటి మీదకి కాస్త కండ వచ్చింది. డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి మెచ్చుకునేవారు. వేరే ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఇంకో నలుగురికి కూడా ఇలా ఒక్కరి కోసమే రాసిన కెర్నల్ పెట్టబోతున్నారట. వాళ్లందరికీ ఆమె నడిచి చూపించింది. కుముదిని మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు.

పదో రోజు ఇంటికి బయల్దేరాం. మా ఊరికి బస్సు సముద్రపు కరకట్ట దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి మైలు దూరం కట్ట మీద నడవాలి. ఆటో పిలుస్తానన్నాను. ఆమె అప్పటికే నడక మొదలుపెట్టింది. ఎండ ఇంకా ఎక్కలేదు. అలలు రాళ్ల మీదకి కొట్టి పోతున్నాయి. ఆమె వెనక నేను. అలా నడుస్తుండగానే చెప్పాను. ఎదురుగా నిలబడి చెప్పేంత గుండె నాకు లేదు.

"వేణీ. అందులో పిల్ల లేదు. ఎప్పుడూ లేదు. ఇంజనీరమ్మ ఆ రోజే చెప్పింది. నేనే నీకు అబద్ధం చెప్పాను."

ఆమె తల తిప్పలేదు. నడుస్తూనే అంది.

"అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెప్పేది అబద్ధమో నాకెలాగ తెలుత్తాదయ్యా?"

కుముదినిని పిలిపించి చెప్పిస్తానన్నాను. ఆవిడా నీ పక్కే కదా అంది. ఆ మాటలో కోపం లేదు. బట్టలో పోగు ఎక్కడ తెగిందో చూపిస్తున్నట్టు చెప్పింది. ఉన్న ఒక్క నిజమూ ఒకసారి అబద్ధంగా ఖర్చు పెట్టేశాను.

ఎనిమిదేళ్లుగా నేను ఆమె అడుగుని బట్టి అడుగు వేయడం అలవాటు చేసుకున్నాను. నా కాళ్లకి ఇంకో నడక రాదు. ఆమె జోరుగా పోతోంది, పెళ్లయిన కొత్తలో చెరువు నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు ఉండేంత జోరుగా. చీర కుచ్చిళ్లు గాలికి ఎగురుతున్నాయి. మా ఇద్దరి మధ్య ముందు పది అడుగులు, తర్వాత ఇరవై, తర్వాత పిలిస్తే వినపడనంత దూరం. కట్ట మీద మలుపు ఉంది. అక్కడ ఎవరైనా వెనకవాళ్ల కోసం ఒకసారి నిలబడి చూస్తారు.

ఆమె ఆగలేదు.